తెలుగు పక్కన గారమండ్: రెండు భాషల పుస్తకానికి సెరిఫ్ కుదిర్చిన ప్రాజెక్టు డైరీ

పని ఇది. ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి చూడవచ్చేవాళ్ల కోసం 64 పేజీల పుస్తకం. ఎడమ పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే విషయం ఇంగ్లీషులో. ఇలా 28 జతలు. మిగతా 8 పేజీలు ముఖపత్రం, విషయసూచిక, పటాలు. డెమ్మీ 1/8 సైజు (18 × 23 అంగుళాల షీటులో ఎనిమిదో వంతు), ఒకే రంగు, 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మాప్‌లిథో కాగితం, 500 కాపీలు, హనుమకొండలో ఆఫ్‌సెట్ అచ్చు.

తెలుగు ఫాంటు ముందే ఖాయమైంది. మీ ఫాంటు వేరే ఉంటుంది కాబట్టి ఇక్కడి అంకెలు కాకుండా కొలిచే పద్ధతి తీసుకోండి. ఈ డైరీ మొత్తం ఆ తెలుగు పక్కన నిలబడాల్సిన ఇంగ్లీషు సెరిఫ్ అక్షరం గురించే. సెరిఫ్ అంటే గీత చివర ఉండే చిన్న పాదం. ఆ పాదాలు, సన్నగీతలు అచ్చులో ఎంతవరకు బతుకుతాయన్నదే సగం పని.

పనిముట్లు

- లిబ్రేఆఫీస్ రైటర్. తెలుగుకు ఒక ఫాంటు, ఇంగ్లీషుకు ఒక ఫాంటు, రెండింటికీ వేర్వేరు సైజులు ఒకే పేరా స్టైల్‌లో పెట్టుకోవచ్చు. దీన్ని ఎంచుకోవడానికి ఇదే కారణం.
- 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల) లేజర్ ప్రింటర్, స్కానర్, బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్.
- వెర్నియర్ కాలిపర్, పది రెట్ల భూతద్దం.
- మూడు ఫాంట్లు: టైమ్స్ న్యూ రోమన్, లిబ్రే బాస్కర్‌విల్, ఈబీ గారమండ్. చివరి రెండూ ఉచిత లైసెన్సువి.

దశ 1: ఒకే పాయింటు, మూడు ఎత్తులు

మొదటి ప్రూఫులో తెలుగు 11, ఇంగ్లీషు 11 పెట్టి మూడు ఫాంట్లూ తీశాం. బాస్కర్‌విల్ తెలుగు మీద పెత్తనం చేసింది. గారమండ్ పిల్లల అక్షరాల్లా ముడుచుకుపోయింది. టైమ్స్ ఒక్కటే సరిపోయినట్టు కనిపించింది. పాయింటు సైజు అక్షరం ఎత్తు కాదు. లోహపు అచ్చుల కాలంలో అది అక్షరాన్ని మోసే దిమ్మె ఎత్తు. ఆ దిమ్మెలో అక్షరం ఎంత నిండుతుందో చెక్కినవాడి ఇష్టం.

కొలిచే పద్ధతి:

1. ప్రతి ఫాంటునూ 100 పాయింట్లలో ప్రింటు తీయాలి. 100 పాయింట్లు అంటే 35.28 మి.మీ.
2. ఇంగ్లీషులో చిన్న ఎక్స్ ఎత్తు, పెద్ద హెచ్ ఎత్తు కొలవాలి. గుండ్రటి అక్షరాలు కొలవకూడదు, అవి గీత దాటి కొంచెం పైకీ కిందికీ పోతాయి.
3. తెలుగులో ‘ద’ తీసుకోవాలి. తలకట్టు వదిలి ఒళ్ళు ఎత్తు ఒకటి, తలకట్టుతో కలిపి మొత్తం ఎత్తు ఒకటి.
4. చిన్న ఎత్తును పెద్ద ఎత్తుతో భాగించి నిష్పత్తి రాసుకోవాలి.

వచ్చిన కొలతలు, 100 పాయింట్ల దగ్గర:

- తెలుగు ‘ద’: ఒళ్ళు 16.0, తలకట్టుతో 22.5 మి.మీ. నిష్పత్తి 0.71
- టైమ్స్: 15.8, 23.1. నిష్పత్తి 0.68
- బాస్కర్‌విల్: 18.7, 27.2. నిష్పత్తి 0.69
- గారమండ్: 14.1, 22.9. నిష్పత్తి 0.62

గారమండ్ నిష్పత్తి ఎందుకు తక్కువో దాని పుట్టుకలోనే ఉంది. క్లాడ్ గారమండ్ పారిస్‌లో అచ్చులు చెక్కినవాడు, 1561లో చనిపోయాడు. ఈబీ గారమండ్‌కు ఆధారం 1592లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన నమూనా పత్రం. ఆ కాలపు అక్షరాల్లో చిన్నవి చిన్నగానే ఉంటాయి, బీ, డీ, హెచ్‌ల కొమ్ములు పొడుగ్గా లేస్తాయి. లిబ్రే బాస్కర్‌విల్ దీనికి ఎదురు. 1941 నాటి అమెరికన్ అచ్చు నమూనా నుంచి తీసి, తెర మీద చదవడానికి వీలుగా ఎక్స్ ఎత్తు పెంచారు, సన్నగీతలు కొంచెం లావు చేశారు. ఆ పాత పేరు మీద గారమండ్ అంత వయసు అక్షరం అనుకుని తీసుకుంటే పేజీ మీద తేడా కొడుతుంది.

ఇప్పటివరకు: 6 గంటలు, ప్రూఫు కాగితాలు 9, ఖాయమైన పేజీలు 0.

దశ 2: ఎత్తు కుదిర్చాక ఎవరు మిగిలారు

తెలుగు 11 పాయింట్లకు ఒళ్ళు 1.76, మొత్తం 2.48 మి.మీ. దానికి దగ్గరగా వచ్చే సైజులు:

- టైమ్స్ 11: ఎక్స్ 1.74, హెచ్ 2.54
- బాస్కర్‌విల్ 9.5: ఎక్స్ 1.78, హెచ్ 2.58
- గారమండ్ 12: ఎక్స్ 1.69, హెచ్ 2.75

గారమండ్‌ను ఎక్స్ ఎత్తుతోనే సరిపెట్టాలంటే 12.5 కావాలి. అప్పుడు పెద్ద అక్షరం 2.86కు పోతుంది. మన పేజీల్లో ఊళ్ల పేర్లు, రాజుల పేర్లు ఎక్కువ, అంటే పెద్ద అక్షరాలు ఎక్కువ. వరుసంతా మొనలు తేలినట్టు ఉంటుంది. అందుకే 12 దగ్గర ఆపాం. చిన్న అక్షరం వెంట్రుకవాసి తక్కువ, పెద్దది కొంచెం ఎక్కువ. కన్ను ఈ రాజీని ఒప్పుకుంది.

తరువాతి పరీక్ష స్థలం. వరుస వెడల్పు 102 మి.మీ., పేజీకి 27 వరుసలు. ఎదురెదురు పేజీలు కాబట్టి ఇంగ్లీషు పాఠం 27 వరుసలు దాటితే తరువాతి పేజీకి తోసే వీల్లేదు. 250 మాటల ఒకే ముక్క టైమ్స్‌లో 24, గారమండ్‌లో 25, బాస్కర్‌విల్‌లో 26 వరుసలు పట్టింది. ఒక్కో వరుసే అనిపిస్తుంది. 28 పేజీలు పోసి చూస్తే బాస్కర్‌విల్‌లో 11 పేజీలు పొంగాయి, గారమండ్‌లో 3. మూడు పేజీలైతే వాక్యాలు కుదించి సరిచేయొచ్చు. పదకొండు పేజీలు కోయడమంటే పుస్తకాన్ని మళ్లీ రాయడం.

మరి టైమ్స్ ఎందుకు వద్దు? అది లండన్ దినపత్రిక టైమ్స్ కోసం చేసిన అక్షరం, 1932 అక్టోబరు 3న ఆ పత్రికలో మొదట వాడారు. పత్రిక ఇరుకు నిలువు వరుసలో ఎక్కువ మాటలు పట్టించడం దాని పని, ఆ పని గొప్పగా చేస్తుంది. మన తెలుగు అక్షరం వెడల్పు, గుండ్రన. దాని ఎదురుగా టైమ్స్ పేజీ భుజాలు దగ్గరికి లాక్కుని కూర్చున్నట్టుంది. పేజీ చివర గుడి వేళల పట్టికకు మాత్రం టైమ్స్ పెట్టి చూశాం, బాగా కుదిరింది. అయినా ఒక్క పట్టిక కోసం ఇంకో సెరిఫ్ తేవడం సరికాదని తీసేశాం. ఒక పుస్తకంలో రెండు దగ్గరి సెరిఫ్‌లు కలిస్తే చదివేవాడికి అది ఎంపికలా ఉండదు, పొరపాటులా ఉంటుంది.

ఇప్పటివరకు: 13 గంటలు, ప్రూఫులు 31, ఖాయమైన పేజీలు 0.

దశ 3: రోమన్ లిపిలో శాసనాల మాటలు

ఎక్కువ రోజులు తిన్న దశ ఇదే. 1163 నాటి హనుమకొండ శాసనం, 1213 నాటి రామప్ప శాసనం నుంచి కొన్ని మాటలు ఇంగ్లీషు పేజీల్లో రోమన్ లిపిలో, గుర్తులతో రావాలి. దీర్ఘానికి పైన అడ్డగీత, ట డ ణ ళ ష లకు కింద చుక్క, శ కు పైన వాలుగీత, ఱ కు కింద అడ్డగీత.

ముందు ఒక నిర్ణయం. సంస్కృతానికి వాడే పద్ధతిలో ఏ, ఓ లకు దీర్ఘం గుర్తు పెట్టరు, ఆ భాషలో అవి ఎప్పుడూ దీర్ఘాలే. తెలుగులో ఎ వేరు, ఏ వేరు. ‘రేచర్ల’కు, ‘కోట’కు గుర్తు పెట్టకపోతే ‘రెచర్ల’, ‘కొట’ అని చదువుతారు. కాబట్టి ఏ, ఓ లకు గీత తప్పనిసరి అనుకున్నాం. ఇంకో చిక్కు: ఎల్ కింద చుక్క పెడితే సంస్కృత పద్ధతిలో ఌ, తెలుగు మాటల్లో ళ. మన మాటల్లో ఌ ఎక్కడా రాదు, అందుకని ళ కే ఇచ్చాం.

తనిఖీ ఇలా చేయాలి:

1. కావాల్సిన గుర్తు అక్షరాలన్నీ ఒక వరుసలో టైపు చేయాలి. మనకు 17: ఆ ఈ ఊ ఏ ఓ, ఋ, ట డ ణ ళ ష, ఙ ఞ, శ, ఱ, సున్న, విసర్గ.
2. పేర్ల మొదట వచ్చేవాటికి పెద్ద అక్షరాలు కూడా కలపాలి.
3. పీడీఎఫ్ తీసి, దాని వివరాల్లో ఫాంట్ల జాబితా తెరవాలి.
4. మనం పెట్టని పేరు ఒక్కటి కనిపించినా పని ఆపాలి.

నాలుగో మెట్టు దగ్గరే పట్టుబడింది. బాస్కర్‌విల్‌తో తీసిన ప్రూఫు జాబితాలో మూడో ఫాంటు పేరు వచ్చింది. మా దగ్గరున్న పాత ప్రతిలో 17లో 10 అక్షరాలు లేవు, కింద చుక్కలవన్నీ అందులోనే పోయాయి. సాఫ్ట్‌వేర్ చెప్పకుండా ఇంకో ఫాంటు నుంచి తెచ్చి అతికించింది. భూతద్దం కింద ‘గణపతి’ మాట చూస్తే ణ కు వాడిన ఎన్ ఒక్కటి సన్నగా, పాదాలు లేకుండా నిలబడి ఉంది. మామూలు కంటితో చదివినప్పుడు ఏదో గరుకు తగిలినట్టు ఉంటుంది, కారణం దొరకదు. గారమండ్‌లో 17కు 17 ఉన్నాయి. బాస్కర్‌విల్ ఇక్కడితో పక్కకు పోయింది.

గారమండ్‌లోనూ ఒక తప్పు దొర్లింది. కొన్ని మాటలు పాత పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసినవి. వాటిలో అక్షరం వేరు, చుక్క వేరుగా రెండు కోడ్లు ఉన్నాయి. వెతికితే దొరకవు, కొన్నిచోట్ల చుక్క కుడికి జరిగింది. ఫైలు మొత్తాన్ని, అక్షరమూ గుర్తూ ఒకే కోడ్‌గా కలిసిన రూపంలోకి మార్చాక సర్దుకుంది. ఋ విషయంలో మాత్రం, ఆర్ కింద సున్నా పెట్టే పద్ధతికి కలిసిన కోడే లేదు. అందుకే ఆర్ కింద చుక్క పద్ధతికి మారాం. పుస్తకం మొదట గుర్తుల పట్టికలో ఈ మాట రాయాలి. చాలామంది వదిలేస్తారు, అప్పుడు గుర్తులు పెట్టిన శ్రమ సగం వృథా.

ఇప్పటివరకు: 27 గంటలు, ప్రూఫులు 44, ఖాయమైన పేజీలు 0. సరిచేసిన గుర్తు మాటలు 63.

దశ 4: నలుపు సరిచూడటం

ఎత్తు కుదిరినా ఎదురెదురు పేజీలు ఒకే నలుపులో లేవు. తెలుగు చిక్కగా, గారమండ్ బూడిదగా. కన్ను అలవాటు పడి మోసపోతుంది కాబట్టి కొలిచాం.

1. రెండు పేజీలూ 300 డీపీఐ గ్రేలో స్కాన్. ఆటో కాంట్రాస్ట్ ఆపేయాలి, లేకపోతే కొలత దండగ.
2. రెండింటిలో 60 × 60 మి.మీ. ముక్క, పేరా మధ్య నుంచి.
3. గింప్‌లో హిస్టోగ్రామ్ తెరిచి సగటు విలువ రాసుకోవాలి. 255 తెలుపు, తగ్గేకొద్దీ నలుపు.

తెలుగు 214. గారమండ్ రెగ్యులర్ 224. మీడియం 217. సెమీబోల్డ్ 209. ఈ మూడూ ఒకే ఫాంటులో గీత లావు పెరిగే మెట్లు. మీడియం ఖాయం చేశాం. రెగ్యులర్ అంటేనే పాఠానికి, మీడియం అంటే శీర్షికలకు అని నియమం ఏమీ లేదు. లోహపు అచ్చు కాగితంలోకి దిగి సిరా పక్కలకు వ్యాపించేది, గీత కొంచెం లావయ్యేది. ఆఫ్‌సెట్‌లో ఆ లాభం తక్కువ. పాత అక్షరాలను గీసినట్టే గీసి ఆఫ్‌సెట్‌లో కొడితే పల్చబడటం సహజం.

వరుసల దూరం తెలుగే నిర్ణయించింది. ‘రాష్ట్రం’, ‘శాస్త్రీయ’, ‘స్వాతంత్ర్యం’ మాటలు పై వరుసలో, గుడిదీర్ఘాలున్న మాటలు కింది వరుసలో వచ్చేలా పరీక్ష పేరా తయారుచేశాం. 15 పాయింట్ల దూరంలో ఒత్తులు కింది వరుస గుడులను తాకాయి, 16లో కొద్దిగా ఒరుసుకున్నాయి, 17లో విడిగా ఉన్నాయి. ఇంగ్లీషుకు 15 చాలు. అయినా దానికీ 17 ఇచ్చాం. 70 జీఎస్‌ఎం కాగితంలో వెనక పేజీ నీడ కనిపిస్తుంది, వరుసలు రెండు వైపులా ఒకదాని వెనక ఒకటి పడితే ఆ నీడ అక్షరాల చాటుకు పోతుంది. స్టైల్‌లో వరుస దూరం తప్పకుండా ‘ఫిక్స్‌డ్’ అని పెట్టాలి. శాతంలో పెడితే తెలుగు మాట వచ్చిన ఇంగ్లీషు వరుస ఒక్కటి పైకెగురుతుంది.

అంచులు: లోపల 20, బయట 18, పైన 22, కింద 32 మి.మీ.

ఇప్పటివరకు: 34 గంటలు, ప్రూఫులు 58, ఖాయమైన పేజీలు 40.

దశ 5: అంకెలు, పొట్టి పెద్దక్షరాలు, వాలు అక్షరాలు

అంకెలు ఏ భాషవో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, ముందున్న మాటను బట్టి ఫాంటు తీసుకుంటుంది. తెలుగు పేజీలో ఇంగ్లీషు మాట తరువాత వచ్చిన 1213 గారమండ్‌లో, తరువాతి వాక్యంలోని 1163 తెలుగు ఫాంటులో పడ్డాయి. అంకెల కోసం ఒక క్యారెక్టర్ స్టైల్ చేసి, అందులో రెండు ఫాంట్ల స్థానంలోనూ తెలుగు ఫాంటే పెట్టి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (నమూనాను బట్టి వెతికే పద్ధతితో) వెతికి తెలుగు పేజీలన్నిటికీ వేశాం. 112 చోట్ల మారింది.

ఇంగ్లీషు పేజీలో పాత శైలి అంకెలు పెట్టాం. 3, 4, 5, 7, 9 వరుస కిందికి దిగుతాయి, పాఠంలో కలిసిపోతాయి. పట్టికలో మాత్రం వద్దు, అక్కడ అంకెలన్నీ ఒకే ఎత్తులో, ఒకే వెడల్పులో నిలబడాలి. రెండూ గారమండ్‌లోనే ఉన్నాయి, ఫాంటు డైలాగ్‌లో ‘ఫీచర్స్’ మీట నొక్కితే దొరుకుతాయి.

యునెస్కో లాంటి పొడి అక్షరాల పేర్లు పూర్తి పెద్ద అక్షరాల్లో వస్తే వరుసలో అరుస్తాయి. రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కాబట్టి ఆ మాట చాలాసార్లు వస్తుంది. ఫార్మాట్ మెనూలోని స్మాల్ క్యాపిటల్స్ వాడితే అది పెద్ద అక్షరాన్నే కుదిస్తుంది, గీత కూడా సన్నబడుతుంది. ఫాంటులో విడిగా గీసిన పొట్టి పెద్దక్షరాలు ఉన్నాయి. మాటను చిన్న అక్షరాల్లో టైపు చేసి, ఫీచర్స్‌లో వాటిని తెరవాలి.

ఇంగ్లీషు పేజీలో శాసనపు మాటలకు గారమండ్ వాలు అక్షరాలు. అవి నిటారు అక్షరాన్ని వంచినవి కావు, కలంతో రాసిన వేరే రూపాలు. తెలుగు అక్షరానికి అలాంటి జోడు లేదు. మీట నొక్కి వంచితే ఒత్తులు పక్క అక్షరం కిందికి పోతాయి. తెలుగు పేజీలో అదే పనికి ఒంటి కొటేషన్ గుర్తులు పెట్టాం.

ఇప్పటివరకు: 41 గంటలు, ప్రూఫులు 66, ఖాయమైన పేజీలు 64.

దశ 6: ట్రేసింగ్, ప్లేటు, ముసురు

లేజర్ మీద బాగున్నది మొదటి ప్లేటు (ఆఫ్‌సెట్ మెషీన్‌కు ఎక్కించే రేకు) మీద పోయింది. ఇంగ్లీషు చిన్న ‘ఈ’ (e) లోని అడ్డగీతలు, హెచ్, ఎన్ భుజాల దగ్గర సన్నగీతలు తెగాయి. అధోజ్ఞాపికల్లో (పేజీ అడుగున ఇచ్చే వివరణల్లో) చుక్కలు కొన్ని కనిపించలేదు.

కారణాలు రెండు దొరికాయి.

మొదటిది, ట్రేసింగ్ (వెలుగు సోకించి పేజీని ప్లేటు మీదికి దించడానికి వాడే పల్చని కాగితం) నేరుగా ప్రింటు చేశారు. అలాగైతే టోనర్ పైవైపు, కాగితం మందం ప్లేటుకూ టోనర్‌కూ మధ్య ఉంటుంది. వెలుగు ఆ సందులో పక్కల నుంచి దూరి గీతను కొరుకుతుంది. లావు గీతకు తెలియదు, సన్నగీత పోతుంది. అద్దంలో చూసినట్టు తిరగేసి ప్రింటు తీస్తే టోనర్ నేరుగా ప్లేటుకు అంటుకుంటుంది.

రెండోది సైజు. మీడియంలో సన్నగీత 12 పాయింట్ల దగ్గర సుమారు 0.15 మి.మీ. 600 డీపీఐలో ఒక చుక్క 0.042 మి.మీ., అంటే గీతకు మూడున్నర చుక్కలు. అధోజ్ఞాపిక 9 పాయింట్లలో అది రెండున్నరకు దిగుతుంది. అర చుక్క ఉండదు, కొన్నిచోట్ల రెండు, కొన్నిచోట్ల మూడు పడతాయి. ఎక్స్ ఎత్తు కూడా 1.27 మి.మీ. మాత్రమే. 10 పాయింట్లకు పెంచితే 1.41 అయింది. నాలుగు పేజీల్లో అధోజ్ఞాపికలు కుదించాల్సి వచ్చింది.

మళ్లీ తీసిన ప్లేటు మీద గీతలన్నీ నిలిచాయి. ఒక ప్లేటు, నాలుగు ట్రేసింగ్‌లు వృథా.

కాగితం లెక్క: 18 × 23 అంగుళాల షీటుకు 16 పేజీలు, కాపీకి 4 షీట్లు, 500 కాపీలకు 2000, తరుగుకు 150. 70 జీఎస్‌ఎంలో 500 షీట్ల రీము 9.35 కిలోలు. అచ్చు జూలై ముసురులో పడింది. ముందురోజు కట్టు విప్పి పెట్టిన రీము అంచులు తేమ పీల్చి అలల్లా లేచాయి, మెషీన్ రెండేసి షీట్లు లాగింది. మిగతా రీములు మెషీన్ దగ్గరే, ఎక్కించే ముందు విప్పాం, ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి ఇంకో కొలత. 64 పేజీలంటే ఒకదానిలో ఒకటి దూర్చిన 16 మడతలు. కాగితం మందం 0.09 మి.మీ. అనుకుంటే లోపలి మడత సుమారు 1.4 మి.మీ. బయటికి వస్తుంది, కత్తిరింపులో అంత పోతుంది. 32, 33 పేజీల్లో బయటి అంచు 18కి బదులు 16.6 మిగిలింది. రెండో ముద్రణకు లోపలి 16 పేజీల పాఠాన్ని పిన్ను వైపు 1 మి.మీ. జరిపి ఫైలు తయారుగా పెట్టాం.

మొత్తం: 52 గంటలు, ప్రూఫులు 79, ట్రేసింగ్‌లు 36, ప్లేట్లు 9, షీట్లు 2150. చేతికొచ్చిన మంచి కాపీలు 504. అచ్చయ్యాక దొరికిన తప్పు ఒకటి: 47వ పేజీలో ‘పాలంపేట’లోని ‘ఏ’ మీద దీర్ఘం గుర్తు లేకుండా పోయింది. ఫైలులో సరిచేశాం.